సలామీ శస్త్ర్‌లో గలగల: 24 డ్రిల్ రైఫిళ్ల హ్యాండ్‌గార్డ్ కేసు

డిసెంబర్ మొదటి వారం, పొద్దున ఆరున్నర. నల్లగొండలో ఒక కాలేజీ గ్రౌండ్ అంచున మంచులో నిలబడి ఉన్నాను. డ్రిల్ నేర్పే ఉస్తాద్ ‘సలామీ శస్త్ర్’ (రైఫిల్‌తో సెల్యూట్) అని కమాండ్ ఇచ్చాడు. 24 మంది ఎన్‌సీసీ కేడెట్ల అరచేతులు ఒక్కసారిగా రైఫిల్ చెక్క మీద పడ్డాయి. ఆ దెబ్బకు ఒకే ఒక చప్పుడు రావాలి, బరువైన తలుపు వేసినట్టు. వచ్చింది. దాని వెంటే గలగలమని ఇంకో శబ్దం కూడా వచ్చింది. తాళాల గుత్తి ఊపితే ఎట్లా ఉంటుందో అట్లా.

నన్ను పిలిపించిన ఏఎన్‌ఓ సార్ (కాలేజీలో ఎన్‌సీసీ చూసే అధ్యాపకుడు) పక్కకు వచ్చారు. "విన్నవు కదన్నా. రైఫిల్ కవర్లు పాతబడి లూజ్ అయినయ్. నువ్వు కొలతలు చెప్తే కొత్తవి టైట్‌గా కుట్టిపిస్త. జనవరి 26కు ఈ గలగల ఉండొద్దు" అన్నారు.

ఆయన అడిగింది కవర్లు. ఏడు వారాలు నడిచిన ఈ పనిలో కవర్ల కోసం నాకు పట్టింది ఒక్క సాయంత్రం. మిగతా రోజులన్నీ ఆ కవర్ల కింద దాగి ఉన్నదాన్ని బాగుచేయడానికే సరిపోయాయి. కోత్ (ఆయుధాల గది) చూసుకునే వాళ్లకు, చెక్క ఫర్నిచర్ ఉన్న పాత రైఫిళ్లు చేతిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని, నేను చేసిన తప్పుతో సహా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను ఆర్మీలో ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) విభాగంలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా పనిచేసి రిటైరయ్యాను. రిక్రూట్‌గా ట్రైనింగ్ సికింద్రాబాద్‌లోనే అయింది. ఇప్పుడు ఉండేది నల్లగొండలో. ఇలాంటి ఆయుధాలను ఎవరు పడితే వాళ్లు విప్పకూడదు, పద్ధతి ప్రకారం పై వర్క్‌షాప్‌కు పోవాలి. అందుకే ముందుగా యూనిట్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాం. పని అంతా కోత్ గదిలోనే, కోత్ చూసే హవల్దార్ ముందే జరిగింది. ఒక్క చెక్క ముక్క కూడా గుమ్మం దాటలేదు. నేను ముట్టింది చెక్కను, దాన్ని పట్టి ఉంచే క్లిప్పులను, బ్యాండ్లను, బ్యారెల్ పైపై తుప్పును మాత్రమే. ఏ రైఫిల్‌కు ఏం చేశానో రిజిస్టర్‌లో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఆ చెక్క అక్కడ ఎందుకుంది

ఇవి త్రీ నాట్ త్రీ రైఫిళ్లు. లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 1 మార్క్ 3. బ్రిటిష్ సైన్యం ఈ మోడల్‌ను ప్రవేశపెట్టింది 1907 జనవరి 26న. మనం రిపబ్లిక్ డే పరేడ్‌లో భుజాన పెట్టుకునే రైఫిల్ తేదీ కూడా అదే కావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. మన దగ్గరున్నవి బెంగాల్‌లో హుగ్లీ ఒడ్డున ఉన్న ఇషాపూర్ ఫ్యాక్టరీలో తయారైనవి. పొడవు 113 సెంటీమీటర్లు, బరువు దాదాపు 4 కిలోలు. 1962 యుద్ధం తర్వాత సైన్యం సెల్ఫ్ లోడింగ్ రైఫిల్ (ఎస్‌ఎల్‌ఆర్)కు మారిపోయినా, ఇవి పోలీస్ స్టేషన్లలో, ఎన్‌సీసీ కోత్‌లలో చాలా కాలం ఉండిపోయాయి. కేడెట్లకు ఇచ్చేవి డీపీ రైఫిళ్లు, అంటే డ్రిల్ కోసమే. ఇక కాల్చడానికి పనికిరాకుండా చేసి ముద్ర వేసినవి.

ఈ రైఫిల్‌ను చూస్తే బ్యారెల్ దాదాపుగా కనపడదు. కింద ఫోర్‌ఎండ్ అనే చెక్క, పైన హ్యాండ్‌గార్డ్ అనే చెక్క, మూతి దగ్గర ఇనుప నోస్‌క్యాప్. హ్యాండ్‌గార్డ్ రెండు ముక్కలు. వెనక ముక్క పొట్టిది, దాని లోపల రివెట్లతో బిగించిన స్ప్రింగ్ క్లిప్పు బ్యారెల్‌ను కౌగిలించుకుని పట్టుకుంటుంది. ముందు ముక్క పొడవైనది, అది చుట్టూ బిగించే ఇనుప బ్యాండు కింద, నోస్‌క్యాప్ కింద ఇరుక్కుని నిలబడుతుంది. గురి చూసే వెనక సైట్ దగ్గర చెక్క రెండు పక్కలా సన్నగా సాగుతుంది. మేము వాటిని చెవులు అంటాం. మొత్తం రైఫిల్‌లో అంత సన్నని చెక్క ఇంకెక్కడా లేదు.

ఆ రోజుల్లో సైనికుడికి నిమిషానికి గురి చూసి 15 రౌండ్లు కాల్చడం నేర్పేవారు. అట్లా కాలిస్తే బ్యారెల్‌ను చేత్తో పట్టుకోలేం. చేయి కాలకుండా కాపాడడానికే హ్యాండ్‌గార్డ్. డీపీ రైఫిల్‌లో బ్యారెల్ వేడెక్కే ప్రశ్నే లేదు. ఇక్కడ ఆ చెక్కకు వేరే పని పడింది. కంధే శస్త్ర్, బాజూ శస్త్ర్, సలామీ శస్త్ర్ అంటూ పొద్దున గంటన్నర పాటు అరచేతి దెబ్బలు తినడం. దాన్ని తయారుచేసిన వాళ్లు ఈ పనిని ఊహించి చేయలేదు. ఈ కేసులో చాలా సంగతులకు మూలం ఇదే.

నాలుగో నంబర్ రైఫిల్

రాక్‌లోంచి చేతికందిన రైఫిల్ తీశాను, నాలుగో నంబర్. హ్యాండ్‌గార్డ్ చుట్టూ నల్ల రెక్సిన్ కవర్, కింద మూడు ప్రెస్ బటన్లు. నీట్‌గానే కుట్టారు. బటన్లు విప్పితే కింద నల్ల ఇన్సులేషన్ టేపు, నాలుగైదు చుట్లు. టేపు లాగితే జిగురు తీగలు సాగుతూ వచ్చింది. టేపు కింద సైకిల్ ట్యూబ్ ముక్క. అది తీసేసరికి చెమట, పాత నూనె, రబ్బరు కలిసిన పుల్లటి వాసన కోత్ గది అంతా పట్టుకుంది.

చెక్క బొగ్గులా నల్లబడింది. గోరుతో నొక్కితే గుంట పడింది. వెనక ముక్కను ఊడదీస్తే బ్యారెల్ మీద, సరిగ్గా కవర్ ఉన్నంత మేర, ఎర్రని తుప్పు జొన్న గింజలు అంటించినట్టు లేచి ఉంది. కవర్ లేని చోట బ్యారెల్ శుభ్రంగా ఉంది. సైట్ పక్క సందులో ఎర్రని పేస్టు గట్టిపడి కనిపించింది. అది దసరా నాటి కుంకుమ. ఆయుధ పూజ చేయడం మన సంప్రదాయం, చేయాలి కూడా. నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ చేశాను. కాకపోతే బొట్టు పొడి కుంకుమతో బట్ (భుజానికి ఆనే వెనక చెక్క) మీద పెట్టి, సాయంత్రానికి తుడిచేయాలి. తడి కుంకుమ చెక్కకూ ఇనుముకూ మధ్య సందులోకి పోతే తేమను పట్టి ఉంచుతుంది.

ఇంత టేపు ఎందుకు చుట్టారని కోప్పడబోయాను. అప్పుడే ఒక అమ్మాయి, సెకండియర్ కేడెట్, తన అరచేయి చూపించింది. బొటనవేలి కింద చీలిక గుచ్చుకుని మానిన మచ్చలు మూడు. "చెవి దగ్గర చెక్క లేసింది సార్. కొట్టినప్పుడల్లా గుచ్చుకుంటది. టేపేస్తే కొంచెం నయం" అంది. పిల్లలకు వాళ్ల కారణం వాళ్లకుంది. చెక్క బాగుచేసేవాళ్లు లేనప్పుడు చేతిని కాపాడుకోవడానికి వాళ్లకు దొరికిన దారి అది. టేపు మీద టేపు, దాని మీద యూనిట్ కుట్టించిన రెక్సిన్. లోపల ఏముందో చూసే పని ఎవరికీ పడలేదు.

రెండు రోజుల్లో 24 రైఫిళ్ల పైచెక్క విప్పి చూశాం. క్లిప్పు రివెట్లు కదులుతున్నవి 9. చెవి విరిగినవో, చీలినవో 7. నిలువుగా పగులు ఉన్నవి 5. కొన్నింటికి రెండేసి జబ్బులు. 4 రైఫిళ్లకు బ్యాండు స్క్రూ ఒకటిన్నర చుట్టు వదులుగా ఉంది. వాటి సంగతి తర్వాత చెప్తాను.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. ముందు నోస్‌క్యాప్ స్క్రూలు తీసి, దాన్ని రెండు వైపులా చెక్క సుత్తితో మార్చి మార్చి తడుతూ ముందుకు జరపాలి. ఒకే పక్క కొడితే కింద ఫోర్‌ఎండ్ కొన చిట్లుతుంది. తర్వాత బ్యాండు, ఆ తర్వాతే ముందు హ్యాండ్‌గార్డ్. ఇంకో మాట, ఈ పనికి సంబంధం లేకపోయినా చెప్పాలి. ఫోర్‌ఎండ్ బిగించి ఉండగా బట్ లోపలి పొడవు బోల్టును ఎప్పుడూ తిప్పకండి. దాని చదరపు కొన ఫోర్‌ఎండ్ వెనక భాగంలో ఇమిడి ఉంటుంది. తిప్పితే చెక్క రెండుగా చీలుతుంది. అట్లా పాడైన ఫోర్‌ఎండ్లు నా సర్వీసులో లెక్కలేనన్ని చూశాను.

నేను చేసిన తప్పు

గలగల అంటే క్లిప్పు వదులై ఉంటుందని నా మొదటి లెక్క. స్ప్రింగ్ క్లిప్పు ఏళ్ల తరబడి పనిచేస్తే బలం తగ్గుతుంది, అది మామూలే. ఆరు రైఫిళ్ల క్లిప్పులను లోపలికి కొంచెం వంచి, బ్యారెల్ మీద పెట్టి నొక్కాను. నాలుగు బాగా కూర్చున్నాయి. ఐదోది నొక్కుతుంటే సన్నగా టిక్కుమంది. తీసి చూస్తే రివెట్ల వరుస వెంట పగులు. ఆరోదానికీ అంతే. అప్పటిదాకా మంచిగా ఉన్న రెండు ముక్కలు నా చేతిలో పగిలాయి. పైగా బాగా కూర్చున్నాయనుకున్న నాలుగింటిలో మూడు మర్నాటి ప్రాక్టీసులో మళ్లీ గలగలమన్నాయి.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. పగిలిన ముక్కలను కళ్ల ముందు పెట్టుకున్నట్టే ఉంది. క్లిప్పు బిగించినా శబ్దం ఆగలేదంటే, చెక్క కదలడం క్లిప్పు దగ్గర మొదలవడం లేదు. ఇంకెక్కడో సందు ఉంది.

మర్నాడు ఇంట్లోంచి కాటుక డబ్బా పట్టుకుపోయాను. వర్క్‌షాప్‌లో దీనికి నీలం పేస్టు వాడతాం, కాటుక అదే పని చేస్తుంది. ఫోర్‌ఎండ్ పై అంచుల మీద వేలితో పలచగా కాటుక రాసి, హ్యాండ్‌గార్డ్‌ను దాని మీద కూర్చోబెట్టి, అరచేత్తో ఒకసారి నొక్కి ఎత్తాలి. చెక్క ఎక్కడ ఆనుతుందో అక్కడే నలుపు అంటుతుంది. మంచి ఫిట్టింగ్ అయితే రెండు అంచుల వెంట నల్లని గీత దాదాపు తెగకుండా రావాలి. మా తొమ్మిదో నంబర్‌కు వచ్చింది మూడు చుక్కలు. రెండు కుడి అంచున, ఒకటి ఎడమ చివర. మూడు కాళ్ల పీట మీద కూర్చున్నట్టు ఆ చెక్క మూడు చోట్ల ఆని, మిగతాదంతా గాలిలో ఉంది. దాని నడిమధ్యలో పిల్లలు అరచేత్తో కొడుతున్నారు. కొట్టినప్పుడల్లా చెక్క వంగి లేస్తుంది, లేచినప్పుడల్లా రివెట్ రంధ్రం కొంచెం పెద్దదవుతుంది, ఆఖరికి ఆ సన్నని చెవి విరుగుతుంది. నేను క్లిప్పు బిగించడంతో, గాలిలో ఉన్న చెక్కను బలవంతంగా కిందికి లాగినట్టయింది. పగలక ఏమవుతుంది?

చెక్క ఎందుకు వంకర పోయిందో లోపలి వైపు చూస్తే అర్థమైంది. ఎవరో, ఎప్పుడో, అందంగా ఉండాలని బయట వార్నిష్ కొట్టారు. లోపలి గాడి, అంచులు ఒట్టి చెక్కే. వార్నిష్ వేసిన ముఖం తేమను రానివ్వదు, పోనివ్వదు. ఒట్టి ముఖం వానాకాలంలో తాగి ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండి కుంచించుకుపోతుంది. చెక్క పొడవులో పెద్దగా మారదు, అడ్డంలోనే మారుతుంది. హ్యాండ్‌గార్డ్ సగం చీల్చిన గొట్టం లాంటిది కాబట్టి, ఒక ముఖం మారి ఇంకో ముఖం మారకపోతే అది తెరుచుకుంటుంది, లేకపోతే ముడుచుకుంటుంది. నల్లగొండలో మే నెల ఎండ ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఎండకు సెగలు కక్కే స్లాబు కింద, కిటికీ లేని గదిలో, ఒంటి మీద రెక్సిన్ చుట్టుకుని ఈ రైఫిళ్లు ఏళ్లు గడిపాయి.

మందు

మొదటి పది రోజులు నేను చెక్కకు ఏమీ చేయలేదు. టేపు, ట్యూబు, రెక్సిన్ అన్నీ తీసేసి, టేపు జిగురును థిన్నర్ గుడ్డతో తుడిచి, ముక్కలన్నింటికీ రైఫిల్ నంబరు ఉన్న చీటీలు కట్టి, కోత్‌లో తాడు మీద వరుసగా వేలాడదీశాను. ఏఎన్‌ఓ సార్‌కు టెన్షన్ మొదలైంది. "అన్నా, ఇంక నెల దినాలే ఉంది" అని రోజూ గుర్తు చేసేవారు. కానీ తడి తాగిన చెక్కను ఆ రోజే గీకి సరిచేస్తే, ఎండాక మళ్లీ వంకర పోతుంది. ముందు దాన్ని గదిలోని గాలికి అలవాటు పడనివ్వాలి. ఆ పది రోజుల్లో బ్యారెళ్ల తుప్పు తీశాం. ఇసుక కాగితం పెట్టలేదు. కిరోసిన్ రాసి నాననిచ్చి, రాగి రేకు ముక్కతో గీకితే తుప్పు ఊడుతుంది, ఇనుము కంటే రాగి మెత్తన కాబట్టి గీత పడదు. తర్వాత చిందీతో (గుడ్డ పీలికతో) తుడిచి, రైఫిల్ ఆయిల్ పలచగా.

నూనె పీల్చి మెత్తబడిన ముక్కలకు వేరే వైద్యం. గన్ ఆయిల్ ఇనుముకు అమృతం, చెక్కకు కాదు. లోపలికి దిగి దాన్ని మెత్తన చేస్తుంది, జిగురు అంటనివ్వదు. సుద్ద పొడిని థిన్నర్‌తో పెరుగులా కలిపి చెక్క మీద మందంగా పట్టించి, ఎండలో పెట్టాం. థిన్నర్ ఆరుతూ లోపలి నూనెను సుద్దలోకి లాగుతుంది. తెల్లని పూత సాయంత్రానికి గోధుమ రంగులోకి తిరిగేది. దులిపి మళ్లీ పట్టించడం. నాలుగో నంబర్‌కు ఐదుసార్లు చేశాక గానీ గోరుకు చెక్క గట్టిగా తగల్లేదు.

పగుళ్లకు ఎపాక్సీ వాడాను, రెండు ట్యూబులు కలిపి, నిదానంగా గట్టిపడే రకం. పాత రిపేర్లలో తెల్ల ఫెవికాల్ వాడారు. అది ఎండ వేడికి మెత్తబడి జారింది. పగులులోకి ఎపాక్సీ దిగాలంటే చెక్కను కొంచెం తెరవాలి. సన్నని బ్లేడు దూర్చి, హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెడితే జిగురు నీళ్లలా పలచబడి లోపలికి పోతుంది. తర్వాత సైకిల్ ట్యూబును రిబ్బన్‌లా కోసి గట్టిగా చుట్టి ఒక రోజంతా కదపకూడదు. పిల్లలు చుట్టిన ట్యూబులే ఇక్కడ పట్టీలుగా పనికొచ్చాయి.

చెవులదే అసలు కష్టం. విరిగిన ముక్క దొరికితే అతికించొచ్చు. ఐదింటికి దొరకలేదు, కొత్త చెక్క పెట్టాలి. పానగల్లు వైపు ఉండే ఒక వడ్లాయన, నాకు పాత పరిచయం, టేకు, జిట్రేగి రెండూ తెచ్చిచ్చాడు. టేకుతో ఒకటి చేశాను, మూడు రోజులకు అతుకు విడిపోయింది. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికించే ముందు అప్పటికప్పుడు థిన్నర్‌తో తుడవకపోతే జిగురు పట్టదు. జిట్రేగి మరీ గట్టి, దెబ్బ పడితే పక్కనున్న పాత చెక్క నలుగుతుంది. ఆఖరికి కోత్ మూలన పెట్టెలో బీఎల్‌ఆర్ (ఇక్కడ బాగుచేయలేనివి) అని పక్కన పడేసిన మూడు పాత హ్యాండ్‌గార్డులు పనికొచ్చాయి. అదే జాతి చెక్క, అదే వయసు. యూనిట్ అనుమతితో వాటిని కోసి ముక్కలు తీశాను. అతుకును నిలువుగా పెట్టకుండా ఏటవాలుగా, చెవి మందానికి ఆరేడు రెట్ల పొడవున కోశాను. నార దిశ పాత చెక్కతో కలవాలి. అడ్డనార పెడితే బిస్కెట్ విరిగినట్టు విరుగుతుంది. ఆ ఐదు చెవులకు నాకు నాలుగు రోజులు పట్టింది. నేను బాగా చేశానని గట్టిగా చెప్పగలిగే పని ఈ మొత్తంలో అదే.

క్లిప్పు రివెట్ల దగ్గర ఎవరో స్క్రూలు కొట్టి ఉన్నారు, నాలుగు రైఫిళ్లకు. స్క్రూ మొనలు బ్యారెల్‌ను గీకాయి, చెక్కను చీల్చాయి. ఆ రంధ్రాలను గట్టి చెక్క పుల్లలతో, ఎపాక్సీతో పూడ్చి, మళ్లీ రంధ్రం వేసి, రాగి రివెట్లు పెట్టాం. రివెట్ కింద సన్నని వాషర్ ఉంటే బలం చెక్క మీద పరుచుకుంటుంది.

ఆ తర్వాతే కాటుక పరీక్ష మళ్లీ మొదలైంది. నలుపు అంటిన చోట గాజు పెంకుతో గీకడం, పెట్టడం, ఎత్తడం, గీకడం. గాజు పెంకు వెంట్రుక మందం పొట్టు తీస్తుంది, వడ్రంగులకు తెలిసిన పనే. ఒక్కో ముక్కకు పది పదిహేను సార్లు. నలుపు చుక్కలు గీతలయ్యే దాకా. పక్కన ఇంకో పరీక్ష కూడా పెట్టుకున్నాను. న్యూస్‌పేపర్ ముక్కను నాలుగు మడతలు పెట్టి బ్యారెల్‌కూ చెక్కకూ మధ్య జరపాలి. క్లిప్పు ఉన్న చోట తప్ప ఎక్కడా ఆగకూడదు. హ్యాండ్‌గార్డ్ ఆనాల్సింది ఫోర్‌ఎండ్ అంచుల మీద, బ్యారెల్ మీద కాదు.

అవిసె నూనె, ఒక గుడ్డ ఉండ

వార్నిష్ మొత్తం గీకేసి, లోపల, బయట, అంచులు, కొనలు అన్నింటికీ పచ్చి అవిసె నూనె పట్టించాం. ఈ రైఫిళ్ల చెక్కకు మొదటినుంచీ వాడింది అదే. పెయింట్ షాపులో అడిగితే డబుల్ బాయిల్డ్ ఇస్తారు, అది త్వరగా ఆరి పైన పొర కడుతుంది. నాకు కావాల్సింది లోపలికి దిగేది. గానుగ నూనెలు అమ్మే చోట దొరికింది. కొంచెం వెచ్చబెట్టి, గుడ్డతో రుద్ది, పావుగంట ఆగి, పైన మిగిలింది పొడిగా తుడిచేయాలి. తుడవకపోతే జిగటగా మిగిలి దుమ్ము పడుతుంది. రెండు రోజులకొక పూత చొప్పున ఐదు పూతలు.

రెండో పూత రోజు సాయంత్రం ఇద్దరు కేడెట్లు నూనె గుడ్డలన్నీ ఉండ చేసి ప్లాస్టిక్ బకెట్లో వేసి, మూత పెట్టారు. శుభ్రం చేశామనే వాళ్ల ఉద్దేశం. గంట తర్వాత తాళం వేయబోతూ హవల్దార్ ముక్కు ఎగబీల్చాడు. ఘాటుగా, మాడిన వాసన. మూత తీసి ఉండ మధ్యలో వేలు పెడితే చుర్రుమంది. అవిసె నూనె ఆరేటప్పుడు గాలితో కలిసి వేడి పుట్టిస్తుంది. పరిచిన గుడ్డలో ఆ వేడి పోతుంది, ఉండ చుడితే లోపలే పేరుకుని తనంతట తానే అంటుకుంటుంది. అగ్గిపుల్ల అక్కర్లేదు. వెంటనే నీళ్లు పోశాం. ఆ రోజు నుంచి గుడ్డలను బయట తీగ మీద ఒక్కొక్కటిగా పరిచి ఆరేసి, ఆ తర్వాత నీళ్లలో ముంచి పారేయడం నియమం చేశాం. ముందే చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివే టైమ్ ఉంటే ఇదే చదవండి.

ఉస్తాద్‌తో మాట

వదులు స్క్రూల సంగతి. బ్యాండు స్క్రూ దానంతటదే నాలుగు రైఫిళ్లకు ఒకే లెక్కన ఒకటిన్నర చుట్టు వదులవదు. ఉస్తాద్‌ను నిదానంగా అడిగాను. ఆయన దాచలేదు. వెనకటి సంవత్సరం చప్పుడు చాలడం లేదని తానే వదులు చేశానన్నాడు. డ్రిల్‌లో ఇది కొత్త సంగతేం కాదు. ఇనుము కొంచెం వదులుగా ఉంటే దెబ్బ గట్టిగా మోగుతుందని చాలా చోట్ల చేస్తారు. ఆయన కాంటింజెంట్‌కు మంచి పేరు రావాలనే చేశాడు. కానీ బ్యాండు వదులైతే ముందు హ్యాండ్‌గార్డ్ బరువంతా చెవుల మీద పడుతుంది. ఆ నాలుగింటిలో మూడింటికి చెవులు విరిగి ఉన్నాయి. ఆ మూడు ముక్కలూ తెచ్చి బెంచి మీద పెట్టాను. ఆయన చాలాసేపు చేత్తో తిప్పి చూశాడు. "నేను చేసిన పనే" అన్నాడు, అంతే.

ఇద్దరం గ్రౌండ్‌లోకి వెళ్లి ఒక రైఫిల్‌తో రకరకాలుగా కొట్టి చూశాం. అరచేయి పైచెక్క మీద పడితే ఒట్టి డబ్బా శబ్దం. అదే అరచేయి చదునుగా, ఫోర్‌ఎండ్ పక్క భాగాన, స్లింగ్ (రైఫిల్‌ను భుజానికి తగిలించే పట్టీ) బిగువుగా ఉండగా పడితే చప్పుడు కోసుకుపోయినట్టు వచ్చింది. స్లింగ్ పట్టీ చెక్కకు కొట్టుకోవడం వల్లే ఆ పదును. ఆయన ఆ పొద్దుటి నుంచే స్లింగులన్నీ బిగించి, చేయి పడే చోటు మార్పించాడు. అలవాటైన చేతులు మారడానికి వారం పట్టింది. ఆ వారంలో ఆయన గొంతు పోయింది.

బిగించేటప్పుడు వెనక ముక్కను రెండు బొటనవేళ్లతో సమానంగా నొక్కాలి. ముందు ముక్కను బ్యాండు కిందికి దించి, నోస్‌క్యాప్‌ను వెనక్కి జరిపి కొనను దాని కిందికి పోనివ్వాలి. బ్యాండు స్క్రూను, స్క్రూడ్రైవర్‌ను మూడు వేళ్లతో పట్టుకుని, ఆగేదాకా తిప్పాలి, ఆ పైన పిడికిలి బలం వద్దు. 24 రైఫిళ్లు జనవరి 19 నాటికి రాక్‌లోకి వచ్చాయి. రెండింటికి నేను పగలగొట్టిన ముక్కలే అతికించి పెట్టాను.

ఇక కవర్లు. కొత్తవి కుట్టించాం, కానీ రెక్సిన్ కాదు. కాటన్ కాన్వాస్, వదులుగా, రెండు చివర్లా తెరిచి ఉండేలా, బటన్లకు బదులు నాడాలు. వ్యాన్‌లో గ్రౌండ్‌కు తీసుకుపోయేటప్పుడు ఒకదానికొకటి ఒరుసుకోకుండా ఉండడానికే. రాక్‌లో పెట్టగానే విప్పి పక్కన వేలాడదీయాలి. కవర్ వేసి రాక్‌లో పెట్టిన రైఫిల్ కనిపిస్తే రిజిస్టర్‌లో రాయమని హవల్దార్‌కు చెప్పాను. ఏఎన్‌ఓ సార్ దానికి ఒప్పుకోవడానికి కొంచెం టైమ్ తీసుకున్నారు. కవర్ లేకపోతే దుమ్ము పడుతుందని ఆయన బాధ. దుమ్ము చిందీతో పోతుంది సార్, తుప్పు పోదు అన్నాను.

జనవరి 26న నేను జనంలో నిలబడి విన్నాను. సలామీ శస్త్ర్‌కు ఒకే చప్పుడు పడింది. నా పక్కనున్న పెద్దాయన ఉలిక్కిపడి మనవణ్ని దగ్గరికి లాక్కున్నాడు. పరేడ్ అయ్యాక ఆ సెకండియర్ అమ్మాయి వచ్చి ఏమీ మాట్లాడకుండా రెండు అరచేతులూ తెరిచి చూపించింది. ఎర్రగా కందాయి, కానీ ఒక్క చీలిక కూడా లేదు.

ఆగస్టు 15 రిహార్సళ్లకు ముందు, వానలు బాగా పడ్డాక, మళ్లీ కాటుక డబ్బాతో కోత్‌కు వెళ్లాను. 24లో 21 గీత తెగకుండా కూర్చున్నాయి. రెండింటికి ఒక్కోచోట అంచు లేచింది, పది నిమిషాల పని. ఏడో నంబర్‌కు నేను అతికించిన చెవి దగ్గర వెంట్రుక మందం సందు పడింది. అతుకు ఏటవాలు అక్కడ నేను పొట్టిగా కోశాను, చెక్క సరిపోలేదని. దానికి చీటీ కట్టి, పరేడ్ వరుస నుంచి తప్పించి, రాక్ చివరి గాడిలో పెట్టాం. పెట్టెలో బీఎల్‌ఆర్ చెక్క ఇంకా ఒక ముక్క మిగిలి ఉంది. దసరా సెలవుల్లో ఆ చెవి కొత్తగా చేయాలి.